తెల్లారకముందు నీళ్లు

సోనేపూర్ ఒడ్డున పడవ ఎక్కబోతూ అపర్ణ ఆగింది. లోపల ఒక ముసలాయన కూర్చుని, రెండు వేళ్లు లేని ఎడమచేత్తో పాత డబ్బా పట్టుకుని పడవ అడుగున చేరిన నీళ్లు తోడి పోస్తున్నాడు.

"ఎవరీయన?"

"మా మామ కాశయ్య, మేడమ్. ఇంటికాడ ఉండలేడు. ఊరికే వస్తాడు," అన్నాడు పడవ నడిపే శ్రీను.

అపర్ణ బరంపురంలో పరిశోధన చేస్తోంది. సముద్రం పైనీళ్లలో ఆక్సిజన్ ఎక్కణ్ణుంచి వస్తోందో తేల్చాలి.

మిట్టమధ్యాహ్నం ఆమె సీసాలు నింపుతుంటే కాశయ్య అడిగాడు.

"ఈ మజ్జాన్నం ఒక్క ఏళే నీళ్లు పడితే ఏటి తెలుస్తాదమ్మా?"

"ఆక్సిజన్ ఎంతుందో తెలుస్తుంది తాతా."

"అది కెరటం కలిపిన గాలో, నీటిలో నాచు వదిలిందో ఎలా సెప్తావు? కంటికి కనపడని నాచు ఉంటాది. ఎండుంటేనే గాలి వదుల్తాది, రేతిరంతా తిరిగి పీల్చుకుంటాది. తెల్లారకముందు కూడా పట్టి, తేడా సూడు."

అపర్ణ నవ్వి ఊరుకుంది. ఆ వేళకి బరంపురంలో తానుండే అంకులి నుంచి బస్సు లేదు. పైగా తనకు పాఠం చెప్పడానికి ఈయనెవరు?

నెల తర్వాత గైడు జగదీష్ గారు ఆమె కాగితాలు వెనక్కి ఇచ్చేశారు.

"ఇందులో గాలి నుంచి వచ్చిందెంత, నాచు తయారు చేసిందెంత? ఆలోచించుకుని రా."

ఆలోచించడానికేమీ లేదు, కాశయ్య ముందే చెప్పాడు. ఆ సాయంత్రమే సోనేపూర్ వెళ్లి, శ్రీను ఇంట్లో పడుకుని, వెలుగు రాకముందే ఒడ్డుకొచ్చింది. పడవలో ఎవరూ లేరు.

"మీ మామ రాలేదా?"

"పోయాడు మేడమ్. పది రోజులైంది."

అపర్ణ పడవ ఎక్కింది. తెల్లారకముందు కొన్ని సీసాలు, మధ్యాహ్నం కొన్ని నింపుకుంది.

ఈసారి తేడా స్పష్టంగా వచ్చింది. జగదీష్ గారు అంకెలు రెండుసార్లు చూశారు.

"బాగుంది. నీకే తట్టిందా?"

"లేదు సార్. సోనేపూర్‌లో కాశయ్య అని ఒకాయన చెప్పాడు. అప్పుడు నేను వినలేదు. ఇప్పుడు ఆయన లేడు."

జగదీష్ గారు కాగితం కింద పెట్టారు.

"ఎడమచేతికి రెండు వేళ్లు లేవు కదూ?"

అపర్ణ తలూపింది.

"నా చదువు రోజుల్లో గోపాల్‌పూర్‌లో నా పడవ నడిపింది ఆయనే, ఈ మాట నాకు చెప్పిందీ ఆయనే," అన్నారాయన మెల్లగా, "నా థీసిస్‌లో మాత్రం ఆ పేరు ఎక్కడా రాయలేదమ్మా."