చించిన ఆఖరి పేజీలు

అద్దె పుస్తకాల కోసం జనం ఎగబడే రోజులవి.

"ఏంటండీ ఇది! హంతకుడెవరో తెలిసే పేజీనే లేదు," అంటూ టైపిస్టమ్మ నవలను బల్లమీద పడేసింది.

కొట్టాయన తల పట్టుకున్నాడు. ఆ రచయిత అపరాధ పరిశోధన నవలలన్నిటికీ అదే గతి. భార్యను చంపాడని అతణ్ణి జైల్లో వేసినప్పటినుంచీ, ఎవరో ఒకరు కసికొద్దీ ఆఖరి పేజీ చించేస్తున్నారు.

వారపత్రిక విమర్శకుడు కూడా మాట మార్చాడు. నిన్నమొన్నటిదాకా "ఏం ఊహ!" అని మెచ్చుకున్న నవలనే "ఊహ కాదు, అనుభవం" అని రాశాడు.

"రేపు రండమ్మా. పెద్దాయన సరిచేస్తారు," అన్నాడు కొట్టాయన టైపిస్టమ్మతో.

ఆ పెద్దాయన ఎవరో కొట్టాయనకూ తెలియదు. సాయంత్రాలు వస్తాడు. ఇంటినుంచి తెచ్చుకున్న తన పుస్తకం చూసి, పోయిన పేజీని గుండ్రటి అక్షరాలతో రాసి అతికిస్తాడు. ఆ సాయంత్రం అతికిస్తున్నది పదకొండోది.

"ఎందుకండీ మీకీ చాకిరీ? వీటిని తూకానికి వేసేద్దామనుకుంటున్నా."

"వద్దు బాబూ. చదివావా? బావుందా లేదా?"

"బావుంటే మాత్రం? అంత పెద్ద విమర్శకుడే ఛీకొట్టాడు."

"ఈసారి ఆయన చదివింది పేపరు. పుస్తకం కాదు."

కొట్టాయనకు ఒళ్ళు మండింది.

"మీదేం పోయింది, ఎన్నైనా చెప్తారు! చచ్చింది మీ కూతురైతే తెలిసేది!"

పెద్దాయన జిగురు డబ్బాకు మూత పెట్టాడు. చేతులు తుడుచుకున్నాడు. నెమ్మదిగా మెట్లు దిగి వెళ్ళిపోయాడు.

మళ్ళీ రాలేదు.

ఓ నెల చూసి, కొట్టాయన ఆ పదకొండూ తూకానికి వేసేశాడు.

రెండేళ్ళకు అసలు హంతకుడు దొరికాడు. రచయిత విడుదలయ్యాడు. "అనుభవం లేకుండానే ఎంత ఊహ!" అని విమర్శకుడు మళ్ళీ రాశాడు.

ఆ వారమే నెరిసిన గడ్డంతో ఒకాయన కొట్టు మెట్లెక్కాడు. ఫొటోల్లో చూసిన మొహమే.

"నా పుస్తకాలు మీ దగ్గర భద్రంగా ఉన్నాయట. జైలుకొచ్చినప్పుడల్లా ఆయన మీ గురించే చెప్పేవారు. మంచివాడనేవారు."

కొట్టాయన రాస్తున్న పద్దు పుస్తకం మూసేశాడు.

"పోయిన నెల కాలం చేశారు. ఆయన చేత్తో రాసిన పేజీలు ఒక్కసారి చూసుకుందామని వచ్చాను."

కొట్టాయన ఖాళీ అర వైపు చూడలేకపోయాడు.

"మీ... మీ నాన్నగారా?"

"కాదండీ," అన్నాడు రచయిత. "మా ఆవిడ నాన్నగారు."