ఉప్పుకోత

ఇప్పుడు ఆసుపత్రిలో డాక్టరు లేడు, ఒక పెట్టె ఉంది. తనకు తెలిసిన జబ్బుకే అది మందిస్తుంది. జనం జబ్బులకు పెట్టుకున్న పేర్లను అందులో చేర్చడం సుగుణ ఉద్యోగం.

ఉప్పుమడుల్లో పనిచేసే అసిరయ్య పగిలిన పాదాలు చూపించాడు.

"ఉప్పుకోత కోడలా. పోటు గుండెకెక్కీసింది."

పెట్టె దాన్ని పుండు కింద జమకట్టి, పూతమందు రాల్చింది.

"దీనికి నోరుంది గానీ సెవుల్లేవేటి?"

"కొత్త జబ్బని ఒప్పుకోవాలంటే, అది ఉన్నవాళ్ళు ముగ్గురు చెప్పాలి మావా. మీ తమ్ముళ్ళిద్దరూ మొన్ననే చెప్పారుగా. నీతో ముగ్గురు."

"ఆలిద్దరూ నిన్న పోయినారమ్మా."

అది విన్న పెట్టె ఇద్దరి పేర్లూ కొట్టేసింది.

"బతికున్నోళ్ళే చెప్పాలట మావా," అంది సుగుణ తల దించుకుని.

అసిరయ్య చొక్కా గుండీలు విప్పి, ఆ పూతమందునే గుండెకు రాసుకున్నాడు.