అయిదో పేరు

"కరపత్రంలో తప్పుందండీ."

కమిటీ మీటింగులో వెనక బెంచీ నుంచి ఆ మాట వినపడగానే దర్జీ తాగుతున్న టీ గొంతులో అడ్డం పడింది.

ఆ కరపత్రం రాసింది అతనే. దారి రక్షణ కమిటీకి ఏడేళ్ళుగా సెక్రటరీ అతనే.

"ఏం తప్పు?"

"అడవిలోంచి జలపాతం దాకా దారి నాలుగు కిలోమీటర్లని వేశారు. అయిదుకి నలభై మీటర్లు తక్కువండీ."

ఆ మాటన్నది మూడు నెలల కిందట కూతురింటికి వచ్చి ఉంటున్న పెద్దాయన. ఎండా వానా లేకపోయినా చంకలో గొడుగుంటుంది కాబట్టి అందరికీ గొడుగాయన.

"మీకెలా తెలుసు?"

"తెల్లవారుజామున గేటు కాపలావాడు లేవకముందే వెళ్ళి అడుగులు లెక్కపెట్టానండీ."

అందరూ నవ్వారు. మర్నాడు ఆ నవ్వినవాళ్ళే అదే వేళకి తాడు పట్టుకెళ్ళి కొలిచారు. మీటరు తేడా లేదు!

ముప్పై ఏళ్ళుగా మెడలో టేపు వేసుకు తిరిగే మనిషికి ఎవరో వచ్చి కొలత నేర్పడమా? దర్జీకి తల కొట్టేసినట్టయింది.

కొండ కింద నేల కొన్న హోటలు కంపెనీ ఆ దారికి ఇనుప గేటు పెట్టింది. తేనె తెచ్చుకునేవాళ్ళు, మేకలవాళ్ళు, ఆదివారాలు ఈతకెళ్ళే పిల్లలు అందరూ గేటు ఇవతలే ఆగిపోయారు. అప్పటినుంచీ కుట్టుమిషను పక్కన పెట్టి అర్జీలు రాసింది దర్జీ. ఆఫీసుల చుట్టూ చెప్పులరిగేలా తిరిగింది దర్జీ.

ఇప్పుడేమో ఏ మాటొచ్చినా "గొడుగాయన్ని అడుగుదాం" అంటున్నారు. మొదటి టీ గ్లాసు కూడా ఆయనకే వెళ్తోంది.

ఇంట్లోనూ అదే గోల.

"ఎంత నిదానమండీ ఆయనది! మీరూ ఉన్నారు, ఇంత మాటకి అంత ఎగురుతారు" అంది భార్య.

"అంత నిదానమైతే వెళ్ళి ఆయన చొక్కాలే కుట్టుకో."

"అయ్యో రామా! కుళ్ళు."

కుళ్ళే. ఆ సంగతి దర్జీకీ తెలుసు. తెలిసినా తగ్గలేదు.

ఒకరోజు ఉండబట్టలేక అడిగేశాడు. "ఉద్యోగంలో ఏం చేసేవారేంటి?"

"ఎక్కువగా నడిచేవాణ్ణండీ."

"నడిస్తే జీతమిచ్చేవారా? మంచి ఉద్యోగమే!"

అక్కడున్నవాళ్ళతో పాటు గొడుగాయన కూడా నవ్వాడు. దాంతో దర్జీకి ఇంకా ఒళ్ళు మండింది.

చివరికి దారి మీద రెవెన్యూ ఆఫీసులో విచారణ తేదీ వచ్చింది. ఆరోజు ఆఫీసరు ఏం తేలిస్తే అదే ఖాయం. కమిటీ తరఫున అయిదుగురే మాట్లాడాలి, పేర్లు ముందురోజే ఇవ్వాలి.

గొడుగాయన కొట్టు దగ్గరికి వచ్చాడు.

"నా పేరు కూడా రాయండి బాబూ. చెప్పాల్సిందొకటుంది."

"ఏంటో నాకు చెప్పండి, నేనే చెప్తాను."

"అది నా నోటితోనే చెప్పాలి. రెండుసార్లు చెప్పే ధైర్యం లేదు."

"సరే, రాస్తాలెండి."

రాశాడు. అయిదో పేరు అదే. రాశాక దానివంకే చూస్తూ కూర్చున్నాడు. రేపు ఈయన లేచి నాలుగు ముక్కలు చెప్తాడు, దారి తెరుచుకుంటుంది, ఊరంతా ఈయన్నే మోస్తుంది. మరి నా ఏడేళ్ళు?

ఆ పేరు కొట్టేసి బామ్మర్ది పేరు రాశాడు.

పొద్దున ఆఫీసు మెట్ల దగ్గర గొడుగాయన ఇస్త్రీ చొక్కాతో ఎదురయ్యాడు.

"లిస్టు నిండిపోయిందండీ" అన్నాడు దర్జీ, ఎటో చూస్తూ.

"అయ్యో! అలా కాదు బాబూ, దారి సర్వే పటంలో..."

"పటం సంగతి నాకు తెలీదా? ఏడేళ్ళుగా చూస్తున్నా. మీరు నిన్నగాక మొన్న వచ్చారు."

గొడుగాయన వెళ్ళి వరండాలో బెంచీ మీద కూర్చున్నాడు. దర్జీకి హాయిగా అనిపించింది.

లోపల దర్జీ ముప్పావుగంట మాట్లాడాడు. బామ్మర్ది దారిని వదిలేసి బావ గొప్పతనమే పావుగంట చెప్పాడు.

ఆఫీసరు అంతా విని, సర్వే పటం బల్లమీద పరిచాడు.

"మీరు చెప్పేది నిజమే కావచ్చు. కానీ పటంలో దారి లేదు. సర్వే చేసినాయన వచ్చి 'నా పొరపాటే, వదిలేశాను' అంటే తప్ప నేను చేయగలిగిందేమీ లేదు."

"నలభై ఏళ్ళనాటి మనిషిని ఎక్కణ్ణుంచి తెమ్మంటారు సార్?"

"అదే నా ఇబ్బందీను. మీ తరఫున ఇంకెవరైనా ఉన్నారా?"

దర్జీ లిస్టు చూశాడు. "అయిపోయారండీ."

ఆఫీసరు సంతకం పెట్టాడు. ఈ కేసు ఇక తిరిగి తెరిచే వీల్లేదన్నాడు. అది ఇక హోటలు వాళ్ళ దారి.

దర్జీ కాళ్ళీడ్చుకుంటూ వరండాలోకి వచ్చాడు. బెంచీ ఖాళీగా ఉంది.

"ఇక్కడ గొడుగు పట్టుకుని ఒక పెద్దాయన ఉండాలే?" అని అటెండరుని అడిగాడు. ఎందుకడిగాడో అతనికే తెలీదు.

"ఇప్పుడే వెళ్ళిపోయారండీ. లోపలికి పంపమని మూడుసార్లు బతిమాలారు. లిస్టులో పేరు లేందే ఎలా పంపను?"

"ఏమైనా చెప్పారా?"

"దారి తమదేనని తేలిందని హోటలువాళ్ళు నవ్వుకుంటూ బయటికి వచ్చారు చూడండి, అప్పుడు చెప్పారు. ఆ పటం గీసింది ఆయనేనటండీ, కొండెక్కాల్సిన రోజు జ్వరమొచ్చి ఆ దారొక్కటీ కొలవకుండా వదిలేశానని ఒప్పుకోడానికే వచ్చారట, పాపం."