పట్టేంత చోటు

వీధి పక్కన ఆగున్న కార్ల వరసలో ఒకటి బయటికి రావడం చూసి, శ్రీవారు బ్రేకు పూర్తిగా వెయ్యకముందే శ్రీమతి దిగి పరుగెత్తింది. ఖాళీ అయిన చోట చేతులు చాచి నిలబడింది.

"మీరు చుట్టూ తిరిగి రండి. నన్నిక్కణ్ణించి ఎవరు కదుపుతారో చూస్తాను!"

పదకొండింటికి ఎదురు భవనం మూడో అంతస్తులో వాళ్ల పేర్లు పిలుస్తారు. పలక్కపోతే మళ్లీ మూడు నెలలు ఆగాలి. ఇప్పటికి రెండుసార్లు అదే జరిగింది. పెద్ద కారుకి చోటు దొరక్క వీధులన్నీ తిరిగి, మెట్లెక్కేసరికి పిలుపు అయిపోయింది. అందుకే ఇద్దరూ కూర్చుని ఆలోచించి, దాన్ని అమ్మేసి ఈ చిట్టి కారు కొన్నారు. రంగు ఆమె ఎంచింది, సీటు కవర్లు ఆయన.

పది నలభై ఆరు. ఓ పొడుగు కారు వచ్చి హారన్ కొట్టింది.

"జరగండమ్మా."

"జరగను. మా కారు వస్తోంది."

"మనిషి నిలబడితే చోటు మీదైపోతుందా?"

"బండి నిలబడితే అవుతుందిగా, మనిషి నిలబడితే ఎందుకవదు? అయినా మీ బండికిది చాలదు బాబూ. తోక రోడ్డు మీదే ఉంటుంది."

ఈలోగా శ్రీవారు వచ్చారు. పొడుగు కారు ఆసామి అద్దం దించి, వంగి చూశాడు.

"ఇదా! మడిచి సంచిలో పెట్టుకుపోక, దీనికి చోటెందుకండీ?"

"మా కారునేమన్నా అంటే ఊరుకోను!" శ్రీమతి కస్సుమంది. వెంటనే ఇటు తిరిగింది. "రండి... రండి... ఎడమకి తిప్పండి. ఎడమంటే మీ వాచీ చెయ్యి!"

"తెలుసులేవే!"

"తెలిసే పోయిన వారం గేటుని గుద్దారా?"

రెండు కార్ల మధ్య చిట్టి కారు ఇమిడింది. తలుపులే తెరుచుకోలేదు. శ్రీవారు పొట్ట బిగబట్టి వెనక డిక్కీలోంచి పాక్కుంటూ వస్తే, శ్రీమతి రెండు చేతులూ పట్టి లాగింది. చొక్కా దులిపి కాలరు సర్దింది.

"కళ్లజోడు?"

"ఉంది. నీ ఫైలు?"

"ఉంది. పదండి!"

లిఫ్టు ముందు బారెడు క్యూ. మెట్లే ఎక్కారు. రెండో అంతస్తులో ఆమెకి ఆయాసం వస్తే, ఆయన ఫైలు అందుకుని చెయ్యిచ్చారు.

పేర్లు పిలవడం, వీళ్లు గదిలో అడుగు పెట్టడం ఒకేసారి జరిగాయి.

జడ్జిగారు తలెత్తి అడిగేలోపే, రొప్పుతూ, ఇద్దరూ ఒకే గొంతుతో, "ఇద్దరికీ ఇష్టమేనండీ, ఇవాళే విడాకులిచ్చెయ్యండి!" అన్నారు.