అరవై డిగ్రీలు

“సగం బలం మట్టిల కలుపుతున్నవ్ కదరా, ఎడ్డోడా!”

శ్యాంసుందర్ రావు కారు కిటికీలోంచి తల బయటపెట్టి అరిచాడు. మంగళవారం కొండగట్టు రద్దీ తప్పించుకుందామని మల్యాల దగ్గర పొలాల బాట పడితే, కారు బురదలో దిగబడింది. మడి దున్నుతున్న ట్రాక్టరతన్ని కేకేసి పిలిచాడు. ఊరందరిదీ ఒక దారి, ఉలిపికట్టెది ఒక దారి అన్నట్టు, అతను ట్రాక్టర్ మడిలోనే నిలిపి, తాడు కట్టి పక్కకు గుంజుతున్నాడు.

పదకొండింటికి రావు జగిత్యాల కోర్టులో సాక్ష్యం చెప్పాలి. ఈసారీ రాకపోతే కేసు కొట్టేస్తానని జడ్జి హెచ్చరించాడు. తన తాత రిజిస్ట్రేషన్ లేకుండా సాదా కాగితం మీద కొమురవ్వ అనే ముసలామె మామకు అమ్మిన రెండెకరాల కోసం రావు వేసిన కేసది. పోనీ ట్రాక్టరెక్కి పోదామంటే దొరతనం అడ్డొచ్చింది.

“ఏ ఊరురా నీది? ఎన్నడు చూడలే.”

“పదేండ్లు మస్కట్ల ఉన్న సారు. మొన్ననే అచ్చిన.”

“అందుకే పని మరిచినవ్. ముప్ఫయ్యేండ్లు ఫిజిక్స్ చెప్పిన, ఇటు చూడు.” రావు దిగి బానెట్ దుమ్ములో వేలితో గీశాడు. “కారు వెయ్యి కిలోలు. నీ ట్రాక్టర్ బలం నాలుగు వేల న్యూటన్లనుకో. బురద సంగతి ఇడిసిపెట్టు. సీదా గుంజితే త్వరణం నాలుగు. నువ్వు అరవై డిగ్రీలు పక్కకు గుంజుతున్నవ్. కాస్ అరవై అంటే సగం. త్వరణం రెండే! ఎక్కిందా?”

“ఎక్కింది సారు.”

మళ్లీ గుంజాడు. తాడు ఇంకాస్త పక్కకు పోయింది. చెవిటివాడి ముందు శంఖం ఊదినట్టయింది.

లాయర్ ఫోన్. “యాడున్నరు సార్? కొమురవ్వ పొద్దుగాలనే అచ్చి కూసున్నది.”

“అడుక్కతినే ముసల్ది నాకంటే ముందు పోయి కూసున్నదిరా, నీ వల్ల!” రావు ట్రాక్టరతని మీద విరుచుకుపడ్డాడు.

అతను తాడు విప్పి, మళ్లీ అలాగే కట్టాడు.

పదకొండున్నరకు మళ్లీ ఫోన్. “కేసు కొట్టేసిన్రు సార్.”

“కొట్టేసిన్రా!” అని అరిచి రావు స్టీరింగ్ మీద వాలిపోయాడు.

అప్పుడు ట్రాక్టర్ మడిలోంచి బాట మీదికొచ్చింది. కారుకు సూటిగా ముందు నిలిచింది. ఒక్క గుంజుకు కారు గట్టినేల ఎక్కింది.

“ఇంతసేపు గిట్ల ఎందుకు గుంజలేదురా?” రావు గొంతు చించుకున్నాడు.

అతను తాడు చుట్టుకుంటూ, ఫోన్ చెవికి ఆనించి, “అవ్వా, కోర్టు కాడనే ఉండు, నేనచ్చి ఇంటికి తీస్కపోత” అన్నాడు.