అచ్చం మా తమ్ముడే

కాబోయే మామగారు తన వెనకే గుమ్మంలో నిలబడి ఉన్నాడని ఫోటోగ్రాఫర్‌కి తెలియదు.

తెలిసి ఉంటే ఆయన కుర్చీలో కూర్చునేవాడు కాదు. ఆయన భూతద్దం కంటికి బిగించుకునేవాడూ కాదు. వాచీల రిపేరు బల్ల మీదికి వంగి, గొంతు సవరించుకుని, "చెప్పకండి, నేనే చెప్తాను. నీళ్ళలో పడేశారు. పడేశాక విప్పారు. విప్పింది చాలక ఊదారు. నాకు కోపం రాదు, ఎవర్నైనా అడగండి. కోపం రాదంటుంటే వినపడదూ?" అని బల్ల గుద్దేవాడు అసలే కాదు.

అమ్మాయి, వాళ్ళమ్మ కడుపులు పట్టుకుని నవ్వుతున్నారు. ముందు అమ్మాయి నవ్వు ఆగింది. తర్వాత వాళ్ళమ్మది.

"ఎవరయ్యా అది?" అన్నాడు గుమ్మంలోంచి వాచీల మెకానిక్.

ఫోటోగ్రాఫర్ లేచి నిలబడ్డాడు. భూతద్దం మాత్రం కంటికే ఉండిపోయింది. పిల్లనిస్తాడో లేదో ఆయన నోటి వెంట విందామనే వచ్చాడు పాపం. ఆయన బ్యాటరీలు తేవడానికి బజారుకి వెళ్ళాడంటే, ఊరికే కూర్చోలేక ఈ తెలివితక్కువ పని పెట్టుకున్నాడు. తన సంగతి తనకి తెలియని మనిషికి కూతుర్నివ్వనని ఆయన ముందే తేల్చి చెప్పాడు. ఆ ఒక్క ముక్కతో ఇదివరకు వచ్చిన సంబంధాలన్నీ వెనక్కి పోయాయి.

"నిన్నే అడిగేది. ఎవర్ని అనుకరిస్తున్నావు?"

"మీ తమ్ముణ్ణండీ," అంది ఇల్లాలు, అతను నోరు తెరిచేలోపే. "మొన్న ఫోటో దిగడానికి వెళ్ళాడుగా, అప్పుడు చూశాడట."

తమ్ముడు బట్టల షాపులో పనిచేస్తాడు. జన్మలో ఒక్క వాచీ విప్పి ఎరగడు. ఆ సంగతి అక్కడ ఎవరూ ఎత్తలేదు.

మెకానిక్ చేతిలో సంచి కింద పెట్టాడు. కస్టమర్లు కూర్చునే స్టూలు లాక్కుని ఎదురుగా కూర్చున్నాడు. "ఏదీ, మళ్ళీ చెయ్యి."

ఫోటోగ్రాఫర్ మళ్ళీ చేశాడు. నీళ్ళలో పడేశారనే దగ్గర తడబడ్డాడు. కానీ పాడు అలవాటు, కోపం రాదనే మాటకి వచ్చేసరికి చెయ్యి దానంతటదే లేచి బల్ల మీద పడింది. అమ్మాయి కళ్ళు మూసుకుంది.

"అచ్చం మా తమ్ముడే," అన్నాడు మెకానిక్. అని, ఒళ్ళంతా ఊగేలా నవ్వాడు. కళ్ళజోడు తీసి కళ్ళు తుడుచుకుని మళ్ళీ నవ్వాడు. "వాడికిదే జబ్బు. ఎదుటివాడి తప్పు ఆమడ దూరం నుంచి కనిపెడతాడు. తన సంగతి మాత్రం తనకి తెలియదు. బల్లలు గుద్దుతూ కోపం రాదంటాడు, వెర్రినాగన్న."

అమ్మాయి పెదవి కొరుక్కుంటూ గోడ గడియారాల వైపు తిరిగింది. ఆ వీపు కదలడం చూస్తే నవ్వు ఎక్కడ దాచుకుందో తెలిసిపోతుంది.

"మనిషిని ఇంత శ్రద్ధగా చూసేవాడివి, పెళ్ళాన్ని కూడా బాగానే చూసుకుంటావు. నాకు ఇష్టమే. మీ అమ్మానాన్నల్ని తీసుకురా."

ఫోటోగ్రాఫర్‌కి కాళ్ళు నేల మీద ఆనలేదు. భూతద్దం కంటితోనే వీధిలోకి నడిచాడు. అది తెస్తానని అమ్మాయి వెనకే పరిగెత్తింది. తేవడానికి ఎందుకంత ఆలస్యమవుతోందో షాపులో ఎవరూ అడగలేదు.

ఇల్లాలు ఇక ఉగ్గబట్టుకోలేకపోయింది. "ఇంత వయసొచ్చింది, మీ సంగతి మీకు తెలియలేదేమిటండీ? అతను చేసింది మిమ్మల్ని."

"తెలుసు."

"తెలిసే నవ్వారా?"

"పిల్లాడు మంచివాడే. భయపెట్టి పంపేస్తే ఏం లాభం?" ఆయన తన కుర్చీలోకి మారి కూర్చున్నాడు. "మన పెళ్ళికి ముందు ఒకరోజు మీ నాన్నగారిని అనుకరిస్తూ ఆయన కంటనే పడ్డాను. నేను బిక్కచచ్చిపోతే, ఆయన 'అచ్చం మా బావమరిదే' అంటూ పడీ పడీ నవ్వాడు. ఎంత అమాయకుడో అని ఇన్నేళ్ళూ ఆయన మీద జాలిపడుతూ వచ్చాను. ఆయనా తెలిసే నవ్వాడని ఇందాకే తెలిసిందే నాకు."