తప్పంతా అతిమధురానిదే

“తప్పు నాదే డాక్టర్, రాసుకోండి,” అంది సీట్‌స్కె, ఇంకా కుర్చీలో కూర్చోకముందే.

డాక్టర్ రూలోఫ్స్ కలం తీశాడుగానీ ఏం రాయాలో తోచలేదు. ఆమ్‌స్టర్‌డామ్‌లోని ఆ క్లినిక్‌కి వచ్చే తల్లులు కొందరు ఏడుస్తారు, కొందరు పోట్లాడతారు. నేరం ఒప్పుకుంటూ లోపలికి వచ్చిన తల్లిని చూడటం అతనికి ఇదే మొదలు.

“అమ్మా, ముందు కూర్చో,” అంది ఆల్బెర్టీన్, తల్లి చెయ్యి వదలకుండా.

పుట్టినప్పుడు మగపిల్లాడన్నారు. కాదు, తను ఆడపిల్లనే అంటుంది ఆల్బెర్టీన్. రెండేళ్ళు ఎదురుచూస్తే ఇవాళ్టికి వంతు వచ్చింది. ఆడ హార్మోన్లు ఇవ్వడమా మానడమా అన్నది ఈ పూటే తేలాలి.

“నువ్వు మాట్లాడకు. ముక్కు తుడుచుకో,” అని రుమాలు అందించి, సీట్‌స్కె డాక్టర్ వైపు తిరిగింది. “ఇది కడుపులో ఉండగా రోజుకి రెండు పొట్లాల అతిమధురం బిళ్ళలు తిన్నాను. ఉప్పగా ఉండేవి. కడుపుతో ఉన్నవాళ్ళు అంతంత తినకూడదట, మొన్న పత్రికలో చదివాను. దాంతో లోపల హార్మోన్లన్నీ తలకిందులై ఒళ్ళు ఒక దారి, మెదడు ఒక దారి పట్టాయి.”

“పత్రికలో అలా రాశారా?”

“సగం రాశారు. మిగతా సగం నేనే గ్రహించాను.”

డాక్టర్ నవ్వు ఆపుకున్నాడు. “బిడ్డ ఒంటికి ఆడో మగో రూపం వచ్చేది మొదటి నెలల్లో. మెదడు ఆ తర్వాత కూడా చాలాకాలం తయారవుతూనే ఉంటుంది. రెంటి మీదా హార్మోన్ల చెయ్యి ఉంది. వేర్వేరు వేళల్లో జరిగే పని కనక ఒక్కోసారి రెండూ ఒకే దారిన పోవేమోనని కొందరి అంచనా. ఇంకా ఎవరూ రుజువు చెయ్యలేదు. బిళ్ళల మీద మాత్రం కేసు నిలవదు.”

“మరి అయిదో నెలలో గడ్డకట్టిన కాలువ మీద జారి వెల్లకిలా పడ్డాను?”

“అదీ కాదు.”

“మా అత్తగారితో రోజూ గొడవలు?”

“అవీ కాదు.”

“అది కొంచెం ఆలోచించండి నాయనా. మీరు ఆవిణ్ణి చూడలేదు.”

ఆల్బెర్టీన్ పకపకా నవ్వింది. డాక్టర్ బిస్కెట్ల డబ్బా జరిపి, తలా ఒకటి తీసుకోగానే మూత పెట్టేశాడు; మనిషికి ఒక్కటే ఇవ్వడం ఆ దేశపు మర్యాద. పద్ధతైన మనిషేనని సీట్‌స్కెకి అప్పటికి నమ్మకం కుదిరింది.

“రక్తం, గుండె, అన్నీ బాగానే ఉన్నాయి. మీకు మొదట ఎప్పుడు చెప్పింది?” అని అడిగాడతను.

“ఏడో ఏట. నా గౌను వేసుకొచ్చి ఎదురుగా నిలబడింది. వాళ్ళ నాన్న చూస్తే తోలు వలుస్తాడని నా భయం. ‘నాన్న ఉన్నన్నాళ్ళూ ఈ మాట ఎత్తకు తల్లీ’ అన్నాను. అంతే, మళ్ళీ ఎత్తలేదు. ఇంత చెప్పిన మాట వినే బిడ్డ మా వీధి మొత్తంలో లేదు.”

“ఆయన ఇప్పుడు?”

“మూడేళ్ళయింది పోయి. పాతిపెట్టి ఇంటికొచ్చి కాఫీ పెడుతున్నాను. వెనక నిలబడి అడిగింది, ‘అమ్మా, ఇప్పుడు చెప్పొచ్చా?’ అని.” సీట్‌స్కె డాక్టర్ వైపు వంగింది. “నిజం చెప్పండి. నా తప్పేం లేదా?”

డాక్టర్ కాగితాల్లోని పుట్టిన తేదీ వైపు కాసేపు చూశాడు.

“బిడ్డ కడుపులో ఉన్నప్పుడు మీరు ఏ తప్పూ చెయ్యలేదమ్మా,” అని మెల్లగా చెప్పి హార్మోన్ల చీటీ మీద సంతకం పెట్టాడు.

“విన్నావా బంగారం!” సీట్‌స్కె కూతురి గడ్డానికి అంటిన బిస్కెట్ పొడి తుడిచింది. “ఎప్పుడూ ఇంతే డాక్టర్. మహా బుద్ధిమంతురాలు.”

ఆ బుద్ధిమంతురాలికి మొన్న మంగళవారమే అరవై ఏడు నిండాయి.